బస్తీనే బడి చేసిన భాగ్యరెడ్డి వర్మ

మన హాస్టళ్లలో డాక్టర్ అంబేద్కర్ పటం లేని గోడ ఉండదు. పక్కనే జ్యోతిబా ఫూలే, సావిత్రిబాయి ఫూలే పటాలు కూడా చాలా చోట్ల కనిపిస్తాయి. వాళ్ల జీవితాలు చదువుకున్నాం. వక్తృత్వ పోటీల్లో చెప్పి బహుమతులు తెచ్చుకున్నాం. జయంతి రోజున దండలు వేసి జేజేలు కొట్టాం. అది మన బాధ్యత కూడా. అయితే మన ఇబ్రహీంపట్నానికి ఒక్క బస్సు దూరంలో, అంబేద్కర్ ఇంకా కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లోనే, మన పిల్లల కోసం సొంతంగా బడి పెట్టిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆయన పటం మనకు అంతగా కనిపించదు. ఆయన గురించి మన పాఠ్యపుస్తకాల్లో చదివింది కూడా తక్కువే.

సాగర్ రోడ్డు మీదుగా సిటీకి పోయే మన బస్సులు మలక్‌పేట దాటి చాదర్‌ఘాట్ మీదుగా కోఠికి, ఎం.జి.బి.ఎస్.కు పోతుంటాయి. పరీక్ష ఫీజులు కట్టడానికి, పుస్తకాలు కొనడానికి, ఇంటర్వ్యూలకు మనం ఆ దారిలో ఎన్నిసార్లు పోయి ఉంటామో లెక్కే లేదు. ఆయన పెట్టిన మొదటి బడి ఆ దారి పక్కనే ఉన్న ఇసామియా బజార్‌లో మొదలైంది. ఆయన ఉద్యమానికి ఇల్లుగా నిలిచిన ఆది హిందూ భవన్ చాదర్‌ఘాట్‌లోనే ఉంది. రోజూ చూసే దారిలో మన చరిత్ర ఉంటే, అది మనకే తెలియకుండా ఉండడం బాగుండదని ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య అందరూ జీవితాంతం నేర్చుకోవడం గురించి మాట్లాడుతున్నారు. చదువు బడితోనో, ఇరవయ్యేళ్ల వయసుతోనో ఆగిపోకూడదని, ఒక నగరం తన మనుషులందరికీ, ముసలివాళ్లకూ కూలివాళ్లకూ కూడా, నేర్చుకునే వీలు కల్పించాలని పెద్ద పెద్ద సంస్థలు చెబుతున్నాయి. వంద సంవత్సరాల కింద, పదవి లేదు, డిగ్రీ లేదు, ఆస్తి లేదు అనుకునే స్థితిలో ఉన్న ఒక మనిషి హైదరాబాదు బస్తీల్లో అదే పని చేసి చూపించారు.

పుట్టుక, బాల్యం

భాగ్యరెడ్డి వర్మ 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. అసలు పేరు భాగయ్య. శైవుడైన వాళ్ల ఇంటి గురువు ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చాడు. రెడ్డి అనే మాట రేడు నుంచి వచ్చిందని, రేడు అంటే ఏలేవాడని, ఈ నేలను ఒకప్పుడు ఏలినవాళ్లు మనవాళ్లేనని ఆ గురువు నమ్మకం. ఒక పసివాడికి పెట్టిన పేరులో అంత పెద్ద మాట దాగి ఉంది. పెద్దయ్యాక ఆ పిల్లవాడు ఆ మాటనే తన జీవితానికి దారి చేసుకున్నాడు.

బాల్యం సుఖంగా గడవలేదు. తండ్రి తొందరగానే పోవడంతో ఇంటి భారం తల్లి మీద పడింది. భాగ్యరెడ్డి చిన్న వయసులోనే పనికి పోవలసి వచ్చింది. దోసాంటోస్ అనే క్రైస్తవ బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరారు. పని మనిషిగానే చేరినా, ఆ ఇంట్లో పుస్తకాలున్నాయి, పత్రికలున్నాయి, నలుగురు కూచుని లోకం సంగతులు మాట్లాడుకునే అలవాటుంది. చదవాలనే కోరిక ఆ పిల్లవాడిలో ఉందని గమనించిన బారిస్టర్ దాన్ని ప్రోత్సహించారు. చేసే పని చేస్తూనే భాగ్యరెడ్డి చదవడం నేర్చుకున్నారు, చదివింది ఆలోచించడం నేర్చుకున్నారు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని దానితో ఇల్లు గడిపారు. హైదరాబాదుకు కరెంటు దీపాలు కొత్తగా వస్తున్న కాలమది.

ఇక్కడ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. మనకు బడి ఉంది, హాస్టల్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది. ఆయనకు ఇవేవీ లేవు. పని చేసే చోటే ఆయనకు బడి అయింది. అందుకేనేమో, చదువు అంటే నాలుగు గోడల మధ్యే జరగాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

హరికథతో మొదలు

అప్పటి హైదరాబాదు సంస్థానాన్ని తలచుకుంటే మన పరిస్థితి ఎంత మారిందో అర్థమవుతుంది. నిజాం ప్రభుత్వ కార్యాలయాల్లో, కోర్టుల్లో, పెద్ద బడుల్లో ఉర్దూ నడిచేది. తెలుగులో చదువుకునే వీలు చాలా తక్కువ. రాజ్యమంతటా వెతికినా నూటికి పదిమందికి కూడా చదువు రాదు. అందులో మన వాడల నుంచి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన పిల్లలు బడి గడప తొక్కితే మిగతా పిల్లలను మాన్పించే తల్లిదండ్రులుండేవారు. పల్లెల్లో వెట్టి, పట్నంలో కూలి. రోజంతా పనిచేసి చీకటి పడ్డాక ఇంటికి చేరే మనిషికి పుస్తకం చూపించి చదువుకో అంటే ఏం చదువుతాడు?

ఈ ప్రశ్నకు భాగ్యరెడ్డి వెతుక్కున్న జవాబు చాలా తెలివైనది. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. అందులో మాలలూ మాదిగలూ ఇద్దరూ ఉన్నారు. ఆ మండలి మొదలుపెట్టింది పలకా బలపంతో కాదు, హరికథలతో. హరికథ అంటే మన జనానికి తెలుసు, ఇష్టం. పని ముగిసిన తర్వాత, అన్నం తిన్న తర్వాత, వాడలో దీపం వెలిగించి కథ చెబుతుంటే ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు అందరూ వచ్చి కూచుంటారు. ఆ కథలోనే శుభ్రత గురించి, తాగుడు వల్ల కలిగే నష్టం గురించి, పిల్లల చదువు గురించి, తోటి మనిషితో సమానంగా బతకడం గురించి చెప్పేవారు. అక్షరం రాని మనిషికి చెవి ఉంది, జ్ఞాపకం ఉంది, ఆలోచన ఉంది. అక్షరం లేకపోతే తెలివి లేనట్టు కాదు అన్న గౌరవం ఈ పద్ధతిలో ఉంది.

జనం దగ్గర ఉన్న గంట ఏది, జనానికి నచ్చిన రూపం ఏది అని చూసి ఆయన చదువును అందులోకి తెచ్చారు. ఆఫీసు వేళల్లో తెరిచి సాయంత్రం మూసేసే చోట్లకు కూలివాళ్లు రారని ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆయనా ఆ పని చేసే మనిషే.

ఇసామియా బజార్ బడి

పెద్దవాళ్లకు కథలు చెప్పినంత మాత్రాన సరిపోదని, పిల్లలకు అక్షరం రావాలని ఆయనకు తెలుసు. 1910లో ఇసామియా బజార్‌లోనూ లింగంపల్లిలోనూ ఆది హిందూ పిల్లల కోసం బడులు తెరిచారు. బడి అంటే మనకిప్పుడు గుర్తొచ్చే భవనాలు కావు. ఒక గది, ఒక పంతులు, కొన్ని పలకలు, కొంతమంది పిల్లలు. తెలుగులో చదువు. నలుగురి దగ్గర చందాలు అడిగి నడపాలి. పిల్లలు పనికి పోకుండా బడికి వచ్చేటట్టు తల్లిదండ్రులను ఒప్పించాలి. ఒక పూట కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగని ఇళ్లలో ఆ ఒప్పించడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పక్కర్లేదు. మన ఇళ్లలో జరిగిందీ అదే కదా.

ఆ రెండు బడులు క్రమంగా పెరిగి 25 దాకా అయ్యాయి. రెండు వేల మంది దాకా పిల్లలు వాటిలో చదువుకున్నారు. సర్కారు పెట్టని బడులను బస్తీ పెట్టుకుంది. 1930లలో ఆ బడుల నిర్వహణను నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఒక మనిషి మొదలుపెట్టిన పని, ఇది మేం చేయవలసిన పనే అని ప్రభుత్వం ఒప్పుకునే దాకా వచ్చిందన్న మాట.

ఈలోగా మండలి పేరు కూడా మారింది. 1911లో అది మన్య సంఘం అయింది. తర్వాత, 1920ల ఆరంభంలో, ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఈ సంఘాలకు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన రాయ్ బాలముకుంద్ వంటి సంస్కరణవాదులు అండగా నిలిచారు. 1913లో ఆర్యసమాజం వారు ఆయనకు వర్మ అనే బిరుదు ఇచ్చారు. అప్పటి నుంచి భాగ్యరెడ్డి వర్మ అయ్యారు.

పేరు కూడా ఒక పాఠమే

1917 నవంబరులో బెజవాడలో ఒక సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు ఏర్పాటు చేసిన ఆ సభకు ఆంధ్రదేశ పంచమ మహాజన సభ అని పేరు పెట్టారు. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. ఆయన వేదిక ఎక్కి మొదట తేల్చింది సభ పేరు సంగతే. పంచములు అనే మాటే తప్పు, నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాళ్లుగా మమ్మల్ని ఎవరో చేర్చారు తప్ప మేం ఎవరికీ ఐదోవాళ్లం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం అన్నది ఆయన వాదన. సభ ఒప్పుకుంది. పంచమ సభ ఆది ఆంధ్ర సభ అయింది.

అదే సంవత్సరం డిసెంబరులో కలకత్తాలో జరిగిన అఖిల భారత స్థాయి సభలోనూ ఆయన మాట్లాడారు. తెలుగుదేశంలో ఆది ఆంధ్ర సభలు ఆ తర్వాత ఏళ్ల తరబడి జరిగాయి. 1922 నాటికి మద్రాసు రాష్ట్రంలో పంచమ అనే మాటకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు ప్రభుత్వ కాగితాల మీదికి ఎక్కాయి. హైదరాబాదు సంస్థానంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అని రాయించుకోగలిగాం.

పేరు మారితే కడుపు నిండుతుందా అని కొందరు అడగవచ్చు. నిండదు. కానీ మనల్ని మనం ఏమని పిలుచుకోవాలో తెలియని మనిషి ఏ చదువూ ధైర్యంగా చదవలేడు. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు తల వంచుకుని ఉన్నానండీ అనేవాడికీ, తల ఎత్తి అనేవాడికీ తేడా ఉంది. ఆ తేడా కోసం ఆయన ఎన్నో సభలు తిరిగారు. జీవితకాలంలో ఆయన చేసిన ఉపన్యాసాలు మూడు వేలు దాటాయని చెబుతారు. మైకులు లేని కాలం, ఎక్కువగా కాలినడకన తిరిగే కాలం. అందులో పెద్ద సభలకన్నా వాడల్లో చెట్ల కింద మాట్లాడినవే ఎక్కువ ఉంటాయని మాకనిపిస్తుంది.

బడి దాటిన బడి

భాగ్యరెడ్డి వర్మ చేసిన పనులను ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ వేర్వేరుగా కనిపిస్తాయి. దగ్గర పెట్టి చూస్తే అన్నీ ఒకే పని అని తెలుస్తుంది. జనం ఎక్కడుంటే అక్కడికి నేర్చుకునే అవకాశాన్ని తీసుకుపోవడమే ఆ పని.

వాడల్లో భజన మండళ్లు పెట్టారు. భజనకు వచ్చినవాళ్లు నలుగురు కూచుంటారు, మాట్లాడుకుంటారు, సభ నడపడం నేర్చుకుంటారు. యువకులతో స్వస్తిక్ దళ్ అనే వలంటీర్ల దళం ఏర్పాటు చేశారు. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా లాంటి వ్యాధులు పట్నాన్ని పట్టుకున్నప్పుడు, అయినవాళ్లే దగ్గరికి రావడానికి భయపడ్డ రోగులకు ఆ కుర్రవాళ్లు సేవ చేశారు. ఎవరిని ముట్టుకోవద్దని లోకం అన్నదో ఆ చేతులే ఆపదలో నగరానికి ఆసరా అయ్యాయి. ఆ కుర్రవాళ్లు నేర్చుకున్న పాఠం, నగరం నేర్చుకోవలసిన పాఠం రెండూ అందులో ఉన్నాయి.

కుల పంచాయతీలను బాగుచేసి, చిన్న చిన్న తగాదాలను కోర్టు ఖర్చులు లేకుండా న్యాయంగా తీర్చుకునే పద్ధతి నేర్పారు. పెళ్లిళ్లలో, చావుల్లో అప్పులు చేసి పెట్టే దండగ ఖర్చులు తగ్గించమని చెప్పారు. కల్లు, సారా మానమని బతిమాలారు, పోట్లాడారు. ఆడపిల్లలను దేవుడి పేరుతో జోగినులుగా, బసివినులుగా మార్చే దురాచారానికి ఎదురు నిలిచారు. జంతుబలి వద్దని ప్రచారం చేసే జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలో పనిచేశారు.

1925లో ఆది హిందువుల చేతిపనులతో ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఇది మాకు చాలా నచ్చిన విషయం. తోలు పని, నేత పని లాంటివన్నీ మనవాళ్లకు తాతల నాటి నుంచి వచ్చిన విద్యలు. కానీ వాటిని విద్యలని ఎవరూ అనలేదు, నీచపు పనులన్నారు. ఆ పనులనే బల్లల మీద పేర్చి, నగరంలోని పెద్దమనుషులను పిలిచి చూపిస్తే చూసేవాళ్లకూ చేసినవాళ్లకూ ఒక సంగతి తెలుస్తుంది. మనకు రానిది నేర్చుకోవడం ఎంత ముఖ్యమో, మనకు వచ్చినదాన్ని విద్య అని గుర్తించడం కూడా అంతే ముఖ్యం.

1931లో భాగ్యనగర్ అనే పక్షపత్రిక స్థాపించారు. చదువు నేర్చుకున్నవాళ్లకు చదవడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే నేర్చిన అక్షరం నాలుగేళ్లలో తుప్పు పడుతుంది. ఆ పత్రికలోనే ఆయన వెట్టి మాదిగ అనే కథ రాశారు. తాను మాల కుటుంబంలో పుట్టి, మాదిగ వెట్టివాడి బతుకును కథకు వస్తువుగా తీసుకున్నారు. ఈనాడు మన హాస్టల్ గదుల్లో సైతం ఉపకులాల పేరుతో గిరి గీసుకునేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. 1906లో మొదలైన మండలి ఇద్దరిదీ. 1931లో రాసిన కథ ఇంకొకరి కష్టానిది.

చివరి ఏళ్లు

1930 సెప్టెంబరులో లక్నోలో అఖిల భారత అణగారిన వర్గాల నాయకుల సమావేశం జరిగితే దానికి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. లండన్‌లో జరగబోయే రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున అంబేద్కర్ మాట్లాడాలని ఆ సమావేశం మద్దతు తెలిపింది. ఇసామియా బజార్ బడి నుంచి లక్నో అధ్యక్ష పీఠం దాకా ఇరవయ్యేళ్ల నడక అది.

అంతా సాఫీగా జరిగిందని చెబితే అది చరిత్ర కాదు. 1930లలో హైదరాబాదు దళిత ఉద్యమంలో వేర్వేరు దారులు ఏర్పడ్డాయి. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు వంటి నాయకులు తమ తమ సంఘాలు నడిపారు. పై కులాల సంస్కర్తల సాయం తీసుకోవడం గురించీ, తాగుడూ మాంసమూ మాన్పించడానికి ఇచ్చిన ప్రాముఖ్యం గురించీ, మతం గురించీ భిన్నాభిప్రాయాలున్నాయి. ఈనాటి మన కళ్లతో చూస్తే వాటిలో కొన్ని మనకూ ప్రశ్నలుగానే మిగులుతాయి. కానీ ఎవరితో ఏకీభవించినా, వాళ్లందరూ మాట్లాడుకోవడానికి ఒక వేదిక, చదువుకోవడానికి ఒక బడి, పిలుచుకోవడానికి ఒక పేరు ముందే సిద్ధంగా ఉందంటే అందులో భాగ్యరెడ్డి వర్మ చెమట ఉంది.

ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు పేరులో ఉన్నా, ఆయన మనసు బుద్ధుడి వైపు తిరిగింది. బుద్ధ జయంతి జరిపించారు. కుమారుడికి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. అంటే ఆయన కూడా ఒకచోట ఆగిపోలేదు, చివరిదాకా నేర్చుకుంటూ, మారుతూనే ఉన్నారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఒకటో ఏడు నడుస్తోంది. దేశానికి స్వాతంత్ర్యం రావడం, రాజ్యాంగం రావడం, మన హాస్టళ్లు రావడం ఏదీ ఆయన చూడలేదు.

ఆయన తర్వాత

ఆయన నాటిన ఆలోచన తర్వాతి కాలంలో మన తెలుగునేల మీద చాలా చోట్ల మొలకెత్తింది. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం కార్యక్రమం కింద రాత్రిబడులు పెట్టారు. పగలంతా కూలికి పోయి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు దూబగుంటలో పాఠం చదివి, చర్చించుకుని, తమ ఊళ్లోకి సారా రాకుండా ఆపారు. ఆ కెరటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పెద్దవాళ్ల చదువు అంటే వేలిముద్ర బదులు సంతకం పెట్టడం మాత్రమే అనుకునేవాళ్లకు దూబగుంట ఆడవాళ్లు ఇచ్చిన జవాబు అది. కథ ద్వారా తాగుడు మాన్పించాలని భాగ్యరెడ్డి వర్మ ఏ నమ్మకంతో బయలుదేరారో ఆ నమ్మకం ఎనభై ఐదేళ్ల తర్వాత వేరే రూపంలో గెలిచింది.

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దానికిప్పుడు అంబేద్కర్ పేరే ఉంది. ఇంటర్ చదవనివాళ్లు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అది తెరిచింది. ఆ దారిలో కండక్టర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఇల్లాళ్లు ఎంతోమంది డిగ్రీలు పొందారు. 2022లో మన వరంగల్‌కు యునెస్కో వారి లెర్నింగ్ సిటీల జాబితాలో చోటు దొరికింది. నేర్చుకునే నగరం అని ఆ మాటకు అర్థం. బడుల్లోనే కాక ఇళ్లలో, పని చేసే చోట్ల, గ్రంథాలయాల్లో, వాడల్లో అన్ని వయసులవాళ్లూ నేర్చుకునేటట్టు చూసే నగరం అని.

ఆ లెక్కన చూస్తే ఇసామియా బజార్, లింగంపల్లి, చాదర్‌ఘాట్ బస్తీలు ఎప్పుడో నేర్చుకునే నగరమయ్యాయి. వాటికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే.

మన సంగతి

మిత్రులారా, ఇక మన సంగతికి వద్దాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. మనలో చాలామంది సంగతి ఇదే. మన చదువుకు ఇల్లంతా కూలి చేసింది. హాస్టల్లో చేర్చేటప్పుడు దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన తల్లులు, తండ్రులు మనకున్నారు. మనం టెన్త్ పాసయ్యాం, ఇంటర్ పాసయ్యాం, కొందరం పి.జి. దాకా వచ్చాం. వాళ్లు మాత్రం ఆ వేలిముద్ర దగ్గరే ఉన్నారు. మనం ఎంత చదివితే వాళ్లకూ మనకూ మధ్య దూరం అంత పెరుగుతోంది. పండక్కి ఇంటికి పోయినప్పుడు మాట్లాడడానికి మాటలు వెతుక్కోవలసి వస్తోంది. చదువు మనల్ని పైకి తెచ్చింది, నిజమే. అయితే మన వాడ నుంచి మనల్ని వేరు చేయడానికే ఆ చదువు ఉపయోగపడితే భాగ్యరెడ్డి వర్మ పడ్డ కష్టానికి అర్థమేముంది?

ఆయనకు మనంత చదువు లేదు. మనలో ఇంటర్ చదివే తమ్ముడి దగ్గర ఉన్నన్ని సర్టిఫికెట్లు కూడా ఆయన దగ్గర లేవు. వచ్చిన కొద్దిపాటి చదువునే సాయంత్రం వాడకు తెచ్చారు. మనం ఇంత చదివి సాయంత్రం ఏం చేస్తున్నాం?

ఇబ్రహీంపట్నం ఇప్పుడు పల్లె కాదు. మున్సిపాలిటీ అయింది. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. పెద్ద చెరువు కింద వరి నాట్లు వేసిన కుటుంబాలు కొన్ని ఇప్పుడు ఆ కాలేజీల్లో ఊడ్చే పనికి, కాపలా పనికి పోతున్నాయి. కాలేజీలున్నంత మాత్రాన ఊరు చదువుకున్నట్టు కాదు. కాలేజీ గేటు దగ్గర కాపలా ఉన్న మనిషికి కూడా ఏదైనా నేర్చుకునే చోటు ఉన్ననాడు ఊరు చదువుకున్నట్టు.

దీనికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. మాకు తోచిన నాలుగు మాటలు చెబుతాం. హాస్టల్లో చదువుకునే గది ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది. వార్డెన్ సారు అనుమతితో ఆ రెండు గంటలు చుట్టుపక్కల వాడల పెద్దవాళ్ల కోసం తెరవవచ్చు. మొదట అక్షరాలే నేర్పాలని లేదు. బ్యాంకు కాగితం నింపడం, పాస్‌బుక్ చూసుకోవడం, ఉపాధి హామీ కూలి ఎన్ని రోజులది పడిందో లెక్క చూసుకోవడం, ఆస్పత్రి చీటీ మీద మందు ఏ పూట వేసుకోవాలో తెలుసుకోవడం, ఫోన్‌లో ఎవరైనా ఓ.టి.పి. అడిగితే చెప్పకపోవడం. ఇవి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే మెల్లగా పలక అడుగుతారు. పదో తరగతి మధ్యలో మానేసిన అక్కలు, అన్నలు వాడవాడలా ఉన్నారు. వాళ్లకు ఓపెన్ స్కూల్ దరఖాస్తు నింపి, వారానికి ఒక రోజు లెక్కలు చెప్పగలిగితే చాలు. ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు నెలకొక ఆదివారం వచ్చి తమ పని గురించి చెబితే అది పిల్లలకూ పెద్దలకూ పాఠమే.

ఇంకొకటి. మనం నేర్పడానికే కాదు, నేర్చుకోవడానికి కూడా వాడకు పోవాలి. డప్పు ఎట్లా కాచాలో, చెరువు తూము నీళ్లు ఎట్లా పంచుకునేవారో, విత్తనం ఎట్లా దాచాలో, ఏ ఆకు ఏ జబ్బుకు పెట్టేవారో మన పెద్దవాళ్లకు తెలుసు. అవి రాసిపెట్టుకున్నవాళ్లు లేరు. 1925 నాటి చేతిపనుల ప్రదర్శన మనకు నేర్పేది అదే. వచ్చే వార్షికోత్సవం రోజున మన నృత్యాలు, నాటకాలతో పాటు మన తల్లిదండ్రుల చేతిపనులు కూడా ఒక బల్ల మీద పెట్టి చూపిద్దాం. ముఖ్య అతిథికి శాలువా కప్పేటప్పుడు ఒక శాలువా ఆ బల్ల దగ్గరికి కూడా పోవాలి.

మే 22 ఎండాకాలం సెలవుల్లో వస్తుంది. హాస్టల్ మూసి ఉంటుంది, మనమందరం మన ఊళ్లలోనే ఉంటాం. భాగ్యరెడ్డి వర్మ జయంతికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ సాయంత్రం ఎవరి వాడలో వాళ్లం, పనుల నుంచి అందరూ ఇళ్లకు చేరాక, నలుగురిని కూచోబెట్టి ఆయన కథ చెబుదాం. పటం లేకపోయినా ఫర్వాలేదు, దండ లేకపోయినా ఫర్వాలేదు. విన్నవాళ్లలో ఒక్కరైనా మరునాడు పలక పట్టుకుని వస్తే, ఆ మహనీయుడికి మనం చెప్పిన జోహారు అందినట్టే.

— పి.జి. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి, ఇబ్రహీంపట్నం